ఆకలి గ్రాహకాల్లో జన్యు తేడాలు, రక్తంలో కొవ్వు స్థాయులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంచుమించు ఒకే బరువుండి, ఒకే రకమైన తిండి తినే ఇద్దరికి రక్తపరీక్ష చేస్తే ఒకరి ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) 110 దగ్గర, మరొకరివి 260 దగ్గర ఉండటం వైద్యులు తరచూ చూసేదే. ఈ తేడాకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని జన్యువుల్లో ఉంటాయి, ఆ జన్యువుల్లోనూ కొన్ని ఆకలిని నియంత్రించేవి. ఆకలికీ రక్తంలోని కొవ్వుకూ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు "ఎక్కువ తింటే కొవ్వు పెరుగుతుంది" అన్న జవాబు సగం మాత్రమే నిజం. మిగిలిన సగాన్ని వివరించడానికే ఈ పేజీ.

ఆకలి గ్రాహకాలు అంటే ఏమిటి?

గ్రాహకం, అంటే రిసెప్టర్, కణం పైపొరలో ఉండే ప్రొటీన్. రక్తంలో తిరిగే హార్మోను గానీ, పక్క నాడీకణం విడుదల చేసిన రసాయనం గానీ దానికి అతుక్కున్నప్పుడు కణం లోపల ఒక సంకేతం మొదలవుతుంది. ఆకలిని నడిపించే గ్రాహకాలు ప్రధానంగా మెదడు అడుగు భాగంలోని హైపోథాలమస్‌లోనూ, మెదడు కాండంలోనూ ఉంటాయి. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్‌కు, ఖాళీ పొట్ట నుంచి వచ్చే గ్రెలిన్‌కు, భోజనం తర్వాత పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ1, జీఐపీ హార్మోన్లకు వేటికవే గ్రాహకాలున్నాయి. మెదడు లోపలి సంకేతాలను అందుకునే ఎంసీ4ఆర్, గంజాయిలోని మత్తు పదార్థం అతుక్కునే సీబీ1 కూడా ఈ కోవలోవే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వీటిలో కొన్ని మెదడుకే పరిమితం కావు. సీబీ1 కాలేయంలోనూ కొవ్వు కణజాలంలోనూ ఉంది. ఇలాంటి గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో తేడా ఉన్నప్పుడు, దాని ప్రభావం ఎంత తింటామన్న దానితో ఆగిపోదు.

రక్తంలో కొవ్వు అన్నప్పుడు లెక్కలోకి వచ్చేవి ఏవి?

కొవ్వు నీటిలో కరగదు కాబట్టి రక్తంలో అది ప్రొటీన్‌తో కలిసి లిపోప్రొటీన్ అనే చిన్న రేణువుల రూపంలో ప్రయాణిస్తుంది. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు అన్న నాలుగు వరుసలు కనిపిస్తాయి. వాడుకలో ఎల్‌డీఎల్‌ను చెడు కొలెస్ట్రాల్ అనీ, హెచ్‌డీఎల్‌ను మంచి కొలెస్ట్రాల్ అనీ అంటారు. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణమనీ, 200 నుంచి 499 వరకు ఎక్కువనీ, 500 దాటితే క్లోమగ్రంథి వాపు వచ్చే ప్రమాదం ఉందనీ పరిగణిస్తారు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసివేసి లెక్కకడతారు. 1972 నుంచి వాడుకలో ఉన్న ఈ సూత్రం ట్రైగ్లిజరైడ్లు 400 దాటినప్పుడు పనికిరాదు. జన్యువుల ప్రభావం గురించి చదివేటప్పుడు ఈ నాలుగింటిలో ఏ వరుస గురించి చెబుతున్నారో చూడటం ముఖ్యం, ఎందుకంటే ఒక జన్యు తేడా ట్రైగ్లిజరైడ్లను మార్చి ఎల్‌డీఎల్‌ను అసలు తాకకపోవచ్చు.

ఆకలిని నియంత్రించే జన్యువు రక్తంలోని కొవ్వును ఎలా మారుస్తుంది?

రెండు దారులున్నాయి. మొదటిది బరువు మీదుగా వెళ్తుంది. గ్రాహకం సరిగా పనిచేయకపోతే కడుపు నిండిన సంకేతం బలహీనపడుతుంది, తినడం ఎక్కువవుతుంది, కొవ్వు పేరుకుంటుంది. కొవ్వు కణాల సామర్థ్యం దాటిన తర్వాత, ముఖ్యంగా పొట్ట లోపల కొవ్వు చేరినప్పుడు, ఇన్సులిన్ మాట ఆ కణాలు వినవు. ఇన్సులిన్ మామూలుగా కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు బయటకు రాకుండా ఆపుతుంది. ఆ అదుపు సడలగానే అవి కాలేయానికి చేరతాయి, కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి వీఎల్‌డీఎల్ రేణువుల్లో నింపి రక్తంలోకి పంపుతుంది. రక్తంలో ఈ రేణువులు ఎక్కువైనప్పుడు సీఈటీపీ అనే ప్రొటీన్ వాటిలోని ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌కు ఇచ్చి, హెచ్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌ను వీటికి చేరవేస్తుంది. అలా మారిన హెచ్‌డీఎల్ చిన్నదై త్వరగా శరీరం నుంచి తొలగిపోతుంది. బరువు పెరిగినవారి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అన్న జంట తరచూ కనిపించడానికి కారణం ఇదే. ఎల్‌డీఎల్ అంకె మాత్రం బరువుతో అంత స్పష్టంగా పెరగదు.

రెండో దారి బరువుతో నిమిత్తం లేనిది. మెదడులోని ఆకలి కేంద్రాలు నాడుల ద్వారా కాలేయానికీ కొవ్వు కణజాలానికీ నేరుగా ఆదేశాలు పంపుతాయి. ఎలుకలు తినే ఆహారాన్ని అదుపులో ఉంచి, మెదడులో మెలనోకార్టిన్ గ్రాహకాలను (ఎంసీ4ఆర్ ఈ కుటుంబంలోదే) మందుతో అడ్డుకున్నప్పుడు కూడా వాటి కొవ్వు కణజాలం రక్తం నుంచి కొవ్వును ఎక్కువగా లోపలికి తీసుకున్నదని 2007లో తేలింది. అదే మార్గాన్ని అడ్డుకుంటే కాలేయం హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను తిరిగి తీసుకోవడం తగ్గి, రక్తంలో దాని స్థాయి పెరుగుతుందని 2010లో మరో బృందం చూపించింది. ఈ రెండో దారి గురించి జనసామాన్యానికి చెప్పే వ్యాసాలు చాలా తక్కువ. అది లేకుండా కింద చెప్పబోయే ఎంసీ4ఆర్ కథ అర్థం కాదు.

ఎంసీ4ఆర్ గురించి ఇంత చర్చ ఎందుకు?

ఒకే జన్యువులోని లోపంతో వచ్చే ఊబకాయాల్లో అత్యధికం ఈ జన్యువు వల్ల వచ్చేవే. 18వ క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువు 332 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. దీనిలోని ఉత్పరివర్తనలు (మ్యుటేషన్లు) మనుషుల్లో ఊబకాయానికి కారణమవుతాయని 1998లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. చిన్న వయసులోనే తీవ్రంగా లావెక్కిన పిల్లల్లో దాదాపు 5 శాతం వరకు ఇలాంటి ఉత్పరివర్తనలు కనిపించాయి.

కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. పాల్గొన్నవారికి మూడు రకాల చికెన్ కుర్మా వడ్డించారు. రూపంలో, రుచిలో మూడూ ఒకేలా ఉండేలా చూశారు గానీ కేలరీల్లో కొవ్వు వాటా ఒకదానిలో 20 శాతం, మరొకదానిలో 40, ఇంకొకదానిలో 60. కావలసినంత తినమన్నారు. ఎంసీ4ఆర్ లోపం ఉన్నవారు కొవ్వు ఎక్కువున్న కుర్మాను సన్నగా ఉన్నవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు తిన్నారు. అంతే బరువుండి జన్యులోపం లేనివారితో పోల్చినా 65 శాతం ఎక్కువ తిన్నారు. ఏది ఏదో ఎవరికీ తెలియదు, నాలుక కూడా తేడా పట్టలేదు. అయినా మెదడు కొవ్వున్న తిండినే ఎంచుకుంది. మనిషి తిండి ఎంపికను కేవలం మనోనిగ్రహంతో ముడిపెట్టి మాట్లాడేవారు ఈ ఫలితాన్ని తీరికగా చదవాలి.

ఇంత కొవ్వు తినేవారి రక్తంలో కొవ్వు విపరీతంగా ఉండాలి కదా? అక్కడే అసలు విశేషం ఉంది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన సదాఫ్ ఫరూఖీ బృందం 2025లో ప్రచురించిన అధ్యయనంలో, ఎంసీ4ఆర్ లోపం ఉన్న పెద్దవారిని అంతే బరువున్న ఇతరులతో పోల్చినప్పుడు వారి ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, రక్తపోటు తక్కువగా ఉన్నాయి. గుండెజబ్బుల ముప్పు కూడా తక్కువగా కనిపించింది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం పెట్టి ఆ తర్వాత రక్తాన్ని పరీక్షించినప్పుడు కూడా వారి శరీరం ఆ కొవ్వును వేరే తీరుగా సర్దుబాటు చేసుకుంటున్నదని తేలింది. పైన ఎలుకల్లో చూసిన రెండో దారి మనుషుల్లోనూ ఉందనడానికి ఇంతకంటే బలమైన ఆధారం నాకు కనిపించలేదు. రక్తపోటు సంగతి అంతకుముందే, 2009లో తెలిసింది. ఈ గ్రాహకం పనిచేయనప్పుడు సింపథెటిక్ నాడీవ్యవస్థ చురుకు తగ్గుతుంది. ఆ నాడులే రక్తనాళాలను బిగిస్తాయి, కొవ్వు కణాల నుంచి కొవ్వును విడుదల చేయిస్తాయి.

అయితే ఎంసీ4ఆర్ లోపం ఉండటం మేలే అనుకోవాలా?

అనుకోకూడదు. పోలిక అంతే బరువున్న ఇతరులతో జరిగిందన్న సంగతి మరవరాదు. సాధారణ బరువున్నవారి కంటే వీరి ఆరోగ్యం మెరుగని ఎవరూ చెప్పలేదు. మధుమేహం, కీళ్లమీద భారం, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి బరువుతో పాటు వస్తూనే ఉంటాయి. పసితనం నుంచి తీరని ఆకలితో పెరగడం, దాన్ని చూసి చుట్టుపక్కలవారు అనే మాటలు పడటం ఎంత కష్టమో ఆ పిల్లల తల్లిదండ్రులకు బాగా తెలుసు.

లెప్టిన్ గ్రాహకంలో తేడాలుంటే ఏమవుతుంది?

లెప్టిన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది, మరుసటి ఏడాది దాని గ్రాహకం దొరికింది. గ్రాహకం పూర్తిగా పనిచేయని మనుషులను మొదటిసారి 1998లో గుర్తించారు. ఇది చాలా అరుదు, ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి వచ్చినదీ తండ్రి నుంచి వచ్చినదీ రెండూ లోపపు ప్రతులైతేనే ఇది కనిపిస్తుంది.

లెప్టిన్‌కూ రక్తంలోని కొవ్వుకూ ఉన్న సంబంధం స్పష్టంగా కనిపించేది ఊబకాయంలో కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకమైన లైపోడిస్ట్రఫీలో. ఈ జబ్బు తీవ్రంగా ఉన్నవారికి చర్మం కింద కొవ్వు కణజాలం దాదాపు ఉండదు, కాబట్టి లెప్టిన్ కూడా చాలా తక్కువ. ఆకలి మాత్రం విపరీతం. తిన్న కొవ్వు దాచుకునే చోటు లేక కాలేయంలో పేరుకుంటుంది, ట్రైగ్లిజరైడ్లు కొందరిలో వేలల్లోకి వెళ్తాయి. వీరికి నాలుగు నెలలు లెప్టిన్ ఇంజెక్షన్లు ఇచ్చినప్పుడు ట్రైగ్లిజరైడ్లు సుమారు 60 శాతం తగ్గాయని 2002లో వెల్లడైంది. 2014లో అమెరికాలో ఈ చికిత్సకు అనుమతి లభించింది. లెప్టిన్ సంకేతం గ్రాహకానికి అందడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక లెప్టిన్ గ్రాహకంలో 223వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారే సాధారణ తేడా కోట్ల మందిలో ఉంది. దాని గురించి లెక్కలేనన్ని అధ్యయనాలు వచ్చాయి గానీ కొన్ని సంబంధం ఉందనీ కొన్ని లేదనీ చెబుతాయి. ఆ ఒక్క తేడాను పట్టుకుని ఎవరి కొవ్వు స్థాయినీ అంచనా వేయలేము.

సీబీ1 గ్రాహకం సంగతేమిటి?

ఈ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు పేరు సీఎన్‌ఆర్1. ఇది చురుకుగా ఉంటే ఆకలి పెరుగుతుంది, కాలేయం కొత్త కొవ్వును తయారుచేయడమూ పెరుగుతుంది. దీని ప్రాముఖ్యం జన్యు పరిశోధన కంటే ముందు మందుల పరిశోధనలో బయటపడింది. రిమోనాబాంట్ అనే మందు ఈ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. 2005లో వెలువడిన పెద్ద పరీక్షలో దాన్ని వాడినవారి బరువు తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, హెచ్‌డీఎల్ పెరిగింది. తగ్గిన బరువును బట్టి ఆశించదగిన దానికంటే ఈ మార్పు ఎక్కువగా ఉంది. అంటే ఇక్కడ కూడా రెండో దారి పనిచేసింది. 2006లో యూరప్‌లో మార్కెట్‌లోకి వచ్చిన ఆ మందు వాడినవారిలో తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు కనిపించడంతో 2008లోనే అమ్మకాలు ఆపేశారు. మెదడులో పలుచోట్ల ఉన్న గ్రాహకాన్ని మూసేస్తే ఆకలి ఒక్కటే మూతపడదని అందరికీ తెలిసొచ్చిన సందర్భం అది.

సీఎన్‌ఆర్1 జన్యువులోని సహజమైన తేడాల మీద జరిగిన పరిశోధనల్లో ఆసక్తికరమైనది 2010 నాటిది. బరువు పెరిగే కొద్దీ హెచ్‌డీఎల్ తగ్గడం మామూలు. ఈ జన్యువులో ఒక ప్రత్యేకమైన తేడాల వరుస ఉన్నవారిలో ఆ తగ్గుదల తక్కువగా ఉందని ఆ పరిశోధన చూపించింది. జన్యు తేడా కొవ్వును సూటిగా మార్చకుండా, బరువుకూ కొవ్వుకూ మధ్య ఉన్న సంబంధాన్నే మార్చవచ్చన్న ఆలోచన దీనిలో ఉంది. నా దృష్టిలో మున్ముందు ఎక్కువ వెలుగు ఈ వైపు నుంచే వస్తుంది.

పేగు హార్మోన్ల గ్రాహకాల్లో కూడా ఇలాంటి తేడాలున్నాయా?

ఉన్నాయి. జీఐపీ గ్రాహకంలో 354వ స్థానంలో వచ్చే ఒక సాధారణ మార్పు కాస్త తక్కువ బరువుతో ముడిపడి ఉంది. జీఐపీ హార్మోను భోజనం తర్వాత కొవ్వు కణజాలం రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను లోపలికి తీసుకోవడానికి తోడ్పడుతుంది కాబట్టి ఈ గ్రాహకం మీద పరిశోధకులకు ఆసక్తి ఎక్కువే. 2021లో 6 లక్షలకు పైగా వ్యక్తుల జన్యువులను చదివిన ఒక అధ్యయనంలో జీపీఆర్75 అనే మరో గ్రాహకం వెలుగులోకి వచ్చింది. దాని ఒక ప్రతి పనిచేయనివారు సగటున 5.3 కిలోలు తక్కువ బరువున్నారు. ఇలాంటివారు సుమారు 3,000 మందిలో ఒకరే.

ఒకే జన్యువు గురించి ఒక అధ్యయనం అవుననీ మరొకటి కాదనీ ఎందుకు చెబుతాయి?

పాత అధ్యయనాల్లో చాలావాటిలో వందమందో రెండువందల మందో ఉండేవారు. సాధారణ జన్యు తేడాల ప్రభావం చాలా చిన్నది కాబట్టి అంత తక్కువ మందిలో అది కనిపించదు, కనిపించినా యాదృచ్ఛికం కావచ్చు. ఒకేసారి పది తేడాలను, నాలుగు కొవ్వు అంకెలతో పోల్చి చూస్తే ఏదో ఒకటి ముఖ్యమైనదిగా తేలడం గణితరీత్యా సహజమే. ఆ ఒక్కదాన్నే ప్రచురిస్తే చదివేవారు నమ్ముతారు. పైగా ఒక జనసమూహంలో తరచుగా ఉండే తేడా మరొక సమూహంలో అరుదుగా ఉండవచ్చు. ఆహారం, వయసు, ఆడా మగా తేడా, వాడుతున్న మందులు కూడా ఫలితాన్ని మారుస్తాయి.

అందుకే జన్యువులన్నింటినీ ఒకేసారి పరిశీలించే భారీ అధ్యయనాల మీద ఎక్కువ నమ్మకం ఉంచాలి. 2010లో లక్ష మందికి పైగా పరిశీలించి రక్తంలోని కొవ్వుతో ముడిపడిన 95 జన్యు స్థానాలను గుర్తించారు. 2021 నాటికి పరిశీలించినవారి సంఖ్య 16.5 లక్షలకు చేరింది. ఆ జాబితాల్లో బలంగా కనిపించేవి ఆకలి గ్రాహకాలు కావు. ఎల్‌డీఎల్ గ్రాహకం, ఎల్‌పీఎల్, సీఈటీపీ, పీసీఎస్‌కే9 లాంటివి, అంటే రక్తంలో కొవ్వు రేణువులను నేరుగా నిర్వహించే జన్యువులు.

అయితే ఆకలి గ్రాహకాల ప్రభావం అసలు ఎంత?

అరుదైన ఉత్పరివర్తనల ప్రభావం పెద్దది, సాధారణ తేడాల ప్రభావం చిన్నది. ఎంసీ4ఆర్ జన్యువుకు సమీపంలో 2008లో గుర్తించిన ఒక సాధారణ తేడాను తీసుకుందాం. దాని ఒక్కో ప్రతికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) సుమారు 0.2 పెరుగుతుంది. 170 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి అది అర కిలోకు కాస్త ఎక్కువ. అంత బరువు ద్వారా ట్రైగ్లిజరైడ్లలో వచ్చే మార్పు, రెండు రోజులు వరుసగా పరీక్ష చేయిస్తే సహజంగా కనిపించే హెచ్చుతగ్గుల కంటే చిన్నది. దీనికి భిన్నంగా ఎల్‌డీఎల్ గ్రాహక జన్యువులో ఒక లోపపు ప్రతి ఉన్నవారి ఎల్‌డీఎల్ తరచుగా 190 దాటి ఉంటుంది, మనిషి సన్నగా ఉన్నా సరే.

నేను జన్యు పరీక్ష చేయించుకోవాలా?

కొవ్వు స్థాయి తెలుసుకోవడానికే అయితే అవసరం లేదు. జన్యువు నుంచి ఊహించే కొవ్వు కంటే రక్తంలో కొలిచిన కొవ్వే నమ్మదగినది, ఖర్చూ తక్కువే. ఇంటికి పంపే కిట్లు ఇచ్చే "ఆకలి జన్యువు" నివేదికలను చూసి ఆహారం మార్చుకోవడానికి గానీ, మందు మానడానికి గానీ తగినంత ఆధారం లేదు. అయిదేళ్లలోపే తీవ్రంగా లావెక్కి, ఎంత తిన్నా ఆకలి తీరని పిల్లల విషయం వేరు. వారికి పరీక్ష చికిత్సనే మార్చవచ్చు. దగ్గరి బంధువుల్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఉండి, ఎల్‌డీఎల్ 190 దాటినప్పుడు కూడా జన్యు పరీక్షకు అర్థం ఉంది. అయితే అది ఆకలి జన్యువుల కోసం కాదు, పైన చెప్పిన ఎల్‌డీఎల్ గ్రాహకం కోసం.

నాకున్న తేడా నా పిల్లలకు వస్తుందా?

మీలో ఒక్క ప్రతిలోనే ఉన్న తేడా ఒక్కో బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. ఎంసీ4ఆర్ ఉత్పరివర్తన ఒక్క ప్రతి ఉన్నా ప్రభావం కనిపిస్తుంది, రెండు ప్రతులుంటే తీవ్రంగా ఉంటుంది.

జన్యువుల్లోనే ఉంటే ఆహారం, వ్యాయామం వల్ల ప్రయోజనం ఏమిటి?

చాలా ఉంది. మన అంకె ఎక్కడ మొదలవుతుందన్నదాన్ని జన్యు తేడా మారుస్తుంది, అది తగ్గే అవకాశాన్ని తీసివేయదు. ట్రైగ్లిజరైడ్లు జీవనశైలికి త్వరగా స్పందిస్తాయి. చక్కెర, మైదా, మద్యం తగ్గించి, రోజూ నడిస్తే కొన్ని వారాల్లోనే అంకె దిగుతుంది. ఎల్‌డీఎల్ అంత తేలిగ్గా కదలదు, దానికి సంతృప్త కొవ్వు తగ్గించడమూ, అవసరమైతే కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రలూ కావాలి. ఆకలి గ్రాహకం బలహీనంగా ఉన్నవారికి తక్కువ తినమని చెప్పడం తేలిక, పాటించడం ఇతరుల కంటే నిజంగా కష్టం. సలహా ఇచ్చేవారు ఈ తేడాను గుర్తించి మాట్లాడాలి.

నేను సన్నగా ఉన్నాను. ఇదంతా నాకు వర్తిస్తుందా?

రెండో దారి ఉందని తెలిసిన తర్వాత ఒంటి తీరును చూసి కొవ్వు అంచనా వేయడం సరికాదు. లావుగా ఉన్నవారిలో కొందరి రిపోర్టు బాగుంటుంది, సన్నగా ఉన్నవారిలో కొందరిది బాగుండదు. పరీక్ష అందరికీ అవసరమే.

ఆకలి గ్రాహకాల మీద పనిచేసే మందులు కొవ్వును తగ్గిస్తాయా?

సెమాగ్లుటైడ్ జీఎల్‌పీ1 గ్రాహకం మీద, టిర్జెపటైడ్ జీఎల్‌పీ1, జీఐపీ గ్రాహకాలు రెండింటి మీద పనిచేసి బరువుతో పాటు ట్రైగ్లిజరైడ్లనూ తగ్గిస్తాయి. ఎల్‌డీఎల్ మీద వీటి ప్రభావం స్వల్పం కాబట్టి ఇవి స్టాటిన్‌కు ప్రత్యామ్నాయం కావు, ఇంజెక్షన్ మొదలుపెట్టామని మాత్ర మానేయకూడదు. సెట్‌మెలనోటైడ్ అనే మందు ఎంసీ4ఆర్‌ను చురుకు చేస్తుంది. లెప్టిన్ గ్రాహక లోపం వంటి కొన్ని అరుదైన జన్యు సమస్యలున్నవారికి దీన్ని 2020లో అమెరికాలో అనుమతించారు. ఇదే గ్రాహకం మీద అంతకుముందు పరీక్షించిన ఒక మందు రక్తపోటును పెంచింది. గ్రాహకం పనిచేయనివారిలో రక్తపోటూ కొవ్వూ తక్కువగా ఉన్నాయన్న ఫలితాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఆకలిని తగ్గించడానికి ఈ గ్రాహకాన్ని చురుకు చేసే ఏ కొత్త మందునైనా బరువుతో పాటు రక్తపోటునూ లిపిడ్ ప్రొఫైల్‌నూ కొలుస్తూనే వాడవలసి ఉంటుంది.